నలుగురిలో ఇంగ్లీషు అంటే, నిజంగా నలుగురే

పోయిన సంచికలో ఈ శీర్షిక చివర ఒక ముక్క రాశాను. మా సీతమ్మధార ఇంటి మేడ మీద ఆదివారం సాయంత్రాలు కొందరం చేరి ఇంగ్లీషులో కబుర్లు చెప్పుకుంటాం, అలాంటిది మీరూ పెట్టుకోవాలనుకుంటే రాయండి అని. రాశారు, బాగానే రాశారు, దాదాపు అన్నీ విశాఖ చుట్టుపక్కల నుంచే. ముందే ఒక మాట చెప్పేస్తాను, నేను ఇంగ్లీషు లెక్చరర్ని కాదు. పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో 19 ఏళ్ళు గుమాస్తాగా పనిచేశాను, అక్కడ నోటికొచ్చిన ఇంగ్లీషే నా ఇంగ్లీషు.

ప్రశ్న: అక్కా, మాది మురళీనగర్. మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో జూన్ నుంచి ఇంగ్లీషు మాట్లాడుకునే గ్రూపు పెట్టాను. మొదటి ఆదివారం 14 మంది వచ్చారు, కుర్చీలు చాలక పక్కింటి నుంచి తెచ్చాం. ఇప్పుడు ఐదుగురం మిగిలాం. అందులోనూ ఇద్దరే మాట్లాడతారు, మిగతావాళ్ళు తలూపుతారు. వారం వారం మంచి టాపిక్ ఇస్తున్నాను, గ్లోబల్ వార్మింగ్, సోషల్ మీడియా లాభనష్టాలు అలాంటివి. నేను చేస్తున్న తప్పేంటి?

జవాబు: ఆ తప్పు నేనూ చేశాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నా. 14 మందినీ ఒకే గుండ్రంగా కూర్చోబెట్టి ఉంటారు. గంటకి 60 నిమిషాలు, అందరికీ సమానంగా పంచినా మనిషికి నాలుగు నిమిషాల చిల్లర. అలా సమానంగా ఎప్పుడూ పంచబడదు కదా, మీ మాటకారులిద్దరూ కలిసి ఓ నలభై నిమిషాలు తినేస్తే మిగిలిన పన్నెండు మందికీ తలా రెండు నిమిషాలు కూడా రావు. బస్సెక్కి వచ్చి, గంట కూర్చుని, రెండు నిమిషాలు మాట్లాడి వెళ్ళేవాళ్ళు మూడో వారం ఎందుకొస్తారు చెప్పండి. మా మొదటి ఆదివారం ఇంకా ఘోరం. 22 మంది వచ్చారు, నాకు ఉత్సాహం ఆగక గంటంబావు నేనే మాట్లాడాను, అదీ ఇంగ్లీషు ఎలా మాట్లాడాలో తెలుగులో చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టి వెళ్ళారు. తర్వాతి వారానికి తొమ్మిది మంది.

నలుగురిలో మాట్లాడాలంటే భయం అంటూ ఉంటాం చూడండి, ఆ నలుగురు ఎప్పుడూ నలభై మంది అయి ఉంటారు. నేను చెప్పేది అచ్చంగా నలుగురే. నలుగురికి ఒక బల్ల, లేదా ఒక చాప. ఎనిమిది మంది వస్తే రెండు చాపలు, పన్నెండు మంది వస్తే మూడు. అప్పుడు గంటలో మనిషికి పావుగంట నోరు తెరిచే అవకాశం వస్తుంది, నాలుగు ఆదివారాలకి ఒక గంట. 14 మంది గుండ్రంలో అయితే నెలంతా కలిపినా 17 నిమిషాలే. మీరు ఐదుగురున్నారు కాబట్టి ముగ్గురొక చోట, ఇద్దరొక చోట కూర్చోండి, ఆ ఇద్దరూ మాత్రం మీ మాటకారులే కావాలి. వాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు.

ఇక గ్లోబల్ వార్మింగ్. ఆ విషయం మీద తెలుగులోనైనా నేను పది నిమిషాలు మాట్లాడలేను, ఇంగ్లీషులో ఏం మాట్లాడతాను? చెప్పడానికి సొంత సంగతి ఉండాలి. విశాఖలో ఎవరినైనా సరే కదిలించి చూడండి, 2014 అక్టోబరు 12 ఆదివారం హుద్‌హుద్ వచ్చినప్పుడు ఎక్కడున్నారని. కిటికీ అద్దాలు ఎలా పగిలాయో, ఏ చెట్టు ఎవరి కారు మీద పడిందో, కరెంటు ఎన్ని రోజులకి వచ్చిందో, నీళ్ళకి ఎంత దూరం వెళ్ళారో చెప్పకుండా ఊరుకోరు. అప్పట్లో చిన్నపిల్లలుగా ఉన్నవాళ్ళకి కూడా మంచం కింద దాక్కున్న కథ ఒకటి ఉంటుంది. అదంతా జరిగిపోయిన సంగతి కాబట్టి పాస్ట్ టెన్స్ పాఠం చెప్పక్కర్లేకుండానే పాస్ట్ టెన్స్ వచ్చి కూర్చుంటుంది.

దీన్ని నాలుగు, మూడు, రెండు అనే పద్ధతిలో చేయించండి. భాషా బోధన మీద జీవితమంతా పనిచేసిన పాల్ నేషన్ అనే ప్రొఫెసర్ దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు. ఒకే కథని ముందు ఒకరికి నాలుగు నిమిషాల్లో చెప్పాలి, తర్వాత ఇంకొకరికి మూడు నిమిషాల్లో, ఆ తర్వాత మరొకరికి రెండు నిమిషాల్లో. వినేవాళ్ళు మారుతుంటారు కాబట్టి విసుగు రాదు, చెప్పేవాళ్ళకి మాత్రం అదే కథ మూడోసారి, మాటలు అప్పటికే నోట్లో తిరుగుతుంటాయి కాబట్టి తడుముకోవడం తగ్గుతుంది. నలుగురుంటే ఇది ఎంత ముచ్చటగా సరిపోతుందో చూడండి. ప్రతి మనిషికీ వినేవాళ్ళు సరిగ్గా ముగ్గురు. జంటలుగా విడిపోయి తలా నాలుగు నిమిషాలు, జంట మార్చి తలా మూడు, మళ్ళీ మార్చి తలా రెండు, మొత్తం 18 నిమిషాల్లో నలుగురూ తొమ్మిదేసి నిమిషాలు మాట్లాడేసి ఉంటారు. మా చాప మీద కంచరపాలెం నుంచి వచ్చే ఒకాయన మొదటిసారి నాలుగు నిమిషాల్లో సగం ‘అది... వాట్ ఈజ్ దట్... అది’ అనే సరిపెట్టాడు. మూడోసారికి రెండు నిమిషాలు చాలలేదని పోట్లాడాడు.

రావడం మానేసిన తొమ్మిది మందికీ ఫోన్ చేయండి. ఎందుకు రావట్లేదని మాత్రం అడగొద్దు, అబద్ధం చెప్పాల్సి వస్తుంది పాపం. ‘ఈ ఆదివారం మీరు, ఫలానా వాళ్ళు, ఇంకో ఇద్దరు ఒక చాప, మీరు రాకపోతే ముగ్గురే అవుతారు’ అని చెప్పండి.

ప్రశ్న: నమస్కారమమ్మా. నేను ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాను, కూర్మన్నపాలెంలో ఉంటాను. గ్రామర్ బాగా వచ్చు. మా వీధి కుర్రాళ్ళు ఆరుగురికి ఉచితంగా ఇంగ్లీషు సంభాషణ నేర్పుతున్నాను. తప్పు వచ్చిన చోట వెంటనే సరిచేస్తాను. అయినా నన్ను చూస్తే నోరు విప్పరు, ప్రశ్న వేస్తే నేల చూస్తారు. ఈ తరానికి నేర్చుకోవాలని లేదా?

జవాబు: ఉంది మాస్టారూ, లేకపోతే ఆరుగురూ రారు. నేల చూస్తున్నది మీ ‘వెంటనే’ని తలుచుకుని. ‘యెస్టర్‌డే ఐ గో టు గాజువాక’ అని కుర్రాడు మొదలుపెట్టాడు, ‘గో కాదు, వెంట్’ అని మీరన్నారు, అక్కడితో గాజువాకలో ఏం జరిగిందో ఎవరికీ తెలియకుండా పోయింది. అదే మీరు ‘ఓ, యూ వెంట్ టు గాజువాక? వై?’ అని అడిగారనుకోండి, సరైన మాట వాడి చెవిన పడుతుంది, కథా సాగుతుంది. అయితే ఇలా చెవిన వేసినదాన్ని చాలామంది పట్టించుకోరు, ఆ మాట నిజమే. అందుకని ఒక కాగితం దగ్గర పెట్టుకుని రాసుకోండి, పేర్లు లేకుండా. చివరి ఐదు నిమిషాల్లో మూడంటే మూడు తప్పులు, అందరూ చేసేవి, బోర్డు మీద పెట్టండి. ‘డిడ్ నాట్ వెంట్’ అలాంటిది, ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ అలాంటిది. ‘ఎ’, ‘ద’ల జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు, తెలుగులో అసలు లేని సరుకది, నాకే ఇప్పటికీ కుదరదు.

ఇంకోటి, ప్రశ్న వేశాక మీరు ఎంతసేపు ఆగుతున్నారో గమనించండి. మేరీ బడ్ రోవ్ అనే అమెరికా పరిశోధకురాలు 1970ల్లో క్లాసుల్లో కూర్చుని చూస్తే, టీచర్లు ప్రశ్న వేసి సగటున ఒక్క సెకను ఆగి తర్వాత మాట అందుకుంటున్నారని తేలింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగయ్యాయి, మూలన కూర్చునేవాళ్ళూ మాట్లాడారు. అది వాళ్ళ భాషలో వాళ్ళ పిల్లల సంగతి. మన కుర్రాడు తెలుగులో ఆలోచించి, చివర ఉన్న క్రియని మధ్యలోకి లాక్కొచ్చి, అప్పుడు నోరు తెరవాలి. వాడికి ఆరేడు సెకన్లైనా ఇవ్వండి. ఆ నిశ్శబ్దం మీకే ఇబ్బందిగా ఉంటుంది, వాడికి కాదు. టీ తాగుతూ ఉండండి.

ప్రశ్న: మా హాస్టల్లో ఆరుగురం కలిసి గ్రూపు పెట్టుకున్నాం. తెలుగు మాట వస్తే పది రూపాయలు ఫైన్. వారం తిరిగేసరికి 340 రూపాయలు వసూలైంది కానీ ఎవరూ మాట్లాడటం లేదు. ఫైన్ పెంచాలా?

జవాబు: మద్దిలపాలెం పిల్లలూ, ఆ డబ్బుతో ఆరుగురూ బిర్యానీ తినేసి ఫైన్ ఎత్తేయండి. నోరు మూసుకుంటే ఫైన్ లేదు, తెరిస్తే ఉంది, ఇక ఎవడైనా ఎందుకు తెరుస్తాడు?

తెలుగు మాట అడ్డం కాదు, వంతెన. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండగా సవర భాష నేర్చుకున్నారు. ఎలాగంటే, తెలుగు, సవర రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని. తెలుగు మాట్లాడినందుకు ఆయన ఎవరికీ జరిమానా కట్టినట్టు నేను వినలేదు. మాట తట్టకపోతే తెలుగులోనే అనేయండి, అని ‘హౌ డు యూ సే దిస్ ఇన్ ఇంగ్లిష్?’ అని పక్కవాణ్ణి అడగండి, ఆ ప్రశ్న అడిగారంటే అదొక ఇంగ్లీషు వాక్యమే కదా.

మీకో ఆట చెప్తాను, మా దగ్గర దీనికి గిరాకీ ఎక్కువ. ఇంగ్లీషులో సరైన మాట లేని తెలుగు మాట ఒకటి చీటీ మీద రాసి ఇస్తాం, దాన్ని ఇంగ్లీషులో వివరించాలి, మిగతావాళ్ళు కనిపెట్టాలి. ‘ఎంగిలి’ వచ్చిన రోజు మా మేడ మీద అరగంట గడిచిపోయింది. లాలాజలం తగిలినది అని ఒకరు, కొరికిన జామకాయ అని ఒకరు, అయితే ముద్దు పెట్టుకుంటే ఎంగిలా అని ఇంకొకరు, అంతా ఇంగ్లీషులోనే, ఒక్కరూ గ్రామర్ చూసుకోలేదు. ‘తోడికోడలు’ ఇవ్వండి. ‘కలాం గారు ఎన్నో రాష్ట్రపతి?’ అన్న ప్రశ్నని ఇంగ్లీషులో అడగమనండి, జవాబు పదకొండు అని అందరికీ తెలుసు, ప్రశ్న వేయడానికే కిందా మీదా పడతారు. ఎందుకంటే ‘ఎన్నో’ అన్న మాట ఇంగ్లీషుకి లేదు. మన దగ్గర ఉండి వాళ్ళ దగ్గర లేనివి ఉన్నాయని తెలిశాక మాట్లాడే గొంతు కూడా కొంచెం మారుతుంది, అది నేను చూశాను.

ప్రశ్న: అక్కా, నేను పెందుర్తి దగ్గర ఉంటాను, పదో తరగతి వరకూ తెలుగు మీడియం. పాప స్కూల్లో పేరెంట్స్ మీటింగుకి వెళ్తే టీచరు ఇంగ్లీషులో మాట్లాడుతుంది, నేను నవ్వి వచ్చేస్తాను. మా వీధిలో నాలాంటివాళ్ళం నలుగురం ఉన్నాం. కలిసి కూర్చుందామంటే ‘ఎవరికీ రానిది ఎవరు ఎవరికి నేర్పుతారు’ అంటున్నారు మావారు. ఒకరి తప్పులు ఒకరికి అంటుకుంటాయేమో కూడా. ఇది అయ్యే పనేనా?

జవాబు: అయ్యే పనే చెల్లెమ్మా, పైగా నలుగురు అన్నావు, లెక్క కూడా కుదిరింది.

మీ ఆయన మాటకి నా ఆఫీసు సంగతి చెప్తాను. మన హార్బర్‌కి వచ్చే ఓడల్లో ఫిలిప్పీన్స్ వాళ్ళు, ఉక్రెయిన్ వాళ్ళు, చైనా వాళ్ళు ఉంటారు. వాళ్ళలో ఎవరికీ ఇంగ్లీషు అమ్మ భాష కాదు, నాకూ కాదు. అయినా మంచినీళ్ళు ఎన్ని టన్నులు కావాలి, ఎవరికి జ్వరంగా ఉంది, డాక్టరు ఎన్నింటికి వస్తాడు, అన్నీ మాట్లాడుకునేవాళ్ళం, పని అయ్యేది. అసలు ఓడల వాళ్ళకి ఇలాంటప్పుడు ఏ మాట వాడాలో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ఒక వాక్యాల పట్టికే తయారుచేసింది. అర్థం కాకపోతే ‘సే అగైన్’ అనాలి, అంకెల్ని విడివిడిగా పలకాలి, నూట యాభై అయితే ‘వన్ ఫైవ్ జీరో’. అంత పెద్ద ఓడలు నడిపేవాళ్ళే మళ్ళీ చెప్పమని అడగడానికి సిగ్గుపడనప్పుడు, పేరెంట్స్ మీటింగులో నువ్వెందుకు పడాలి? మీ నలుగురూ మొదటి రోజు నేర్చుకోవాల్సిన వాక్యం అదే. ‘సే అగైన్ ప్లీజ్, స్లోలీ.’

పుస్తకాలేం కొనొద్దు. పాప స్కూల్ డైరీ, స్కూలు వాళ్ళు పంపే సర్క్యులర్లు, అవే మీ పాఠ్యపుస్తకం, ఎందుకంటే రేపు నిజంగా అవసరమయ్యే మాటలు అందులోనే ఉన్నాయి. వంటయ్యాక పదకొండింటికి ఒకరింట్లో కూర్చోండి. ఒకరు టీచరు, ఒకరు తల్లి, ఇద్దరు చూసేవాళ్ళు, తర్వాత మారాలి. టీచరుగా కూర్చున్నవాళ్ళు తల్లికి తెలియని సంగతి ఒకటి కాగితం మీద రాసి దాచుకోవాలి, పాప లెక్కల్లో వెనకబడిందనో, లంచ్ తినట్లేదనో. తల్లి ప్రశ్నలు వేసి అది బయటికి లాగాలి. తెలిసిన విషయాన్నే మళ్ళీ మళ్ళీ అడుక్కుంటే బొమ్మలాటలా ఉంటుంది, తెలియనిది ఉన్నప్పుడే నోరు దానంతటదే కదులుతుంది.

తప్పులు అంటుకుంటాయా అంటే, కొన్ని అంటుకుంటాయి, లేదని చెప్పను. అందుకని వారానికోసారి మంచి ఇంగ్లీషు ఒక రెండు నిమిషాలు ఫోన్లో కలిసి వినండి, పిల్లల కథ ఏదైనా చాలు, విని నలుగురూ తలా ఒక వాక్యం అలాగే పలకండి. సందేహాలు ఒక నోట్‌బుక్కులో రాసుకుని సాయంత్రం పాపనే అడుగు. అమ్మకి చెప్పడమంటే పిల్లలకి మహా సరదా, కాస్త గర్వం చూపిస్తారు, ఓర్చుకో. మీటింగు అయ్యాక ఏమైందో నాకు రాయి.

ప్రశ్న: డిగ్రీ అయింది, గాజువాక. మూడు కాల్ సెంటర్ ఇంటర్వ్యూల్లో ‘ఎంటీఐ ఎక్కువ’ అని పంపేశారు. కబుర్ల గ్రూపులో చేరితే ఇది పోతుందా?

జవాబు: పూర్తిగా పోదు బాబూ, పోనక్కర్లేదు కూడా. ఎంటీఐ అంటే మాటలో మాతృభాష వాసన. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మనం బస్‌ని బస్సు చేస్తాం, కార్‌ని కారు చేస్తాం. సభల్లో ఇదే గుణాన్ని పట్టుకుని మన భాషని తూర్పు దేశపు ఇటాలియన్ అని పొగుడుతారు, ఇంటర్వ్యూలో తప్పంటారు, ఏం చేస్తాం. కబుర్ల గ్రూపు నీ తడబాటుని తగ్గిస్తుంది. యాసకి విడిగా పని ఉంది. వాక్యం చివరి మాట దగ్గర ‘ఉ’ తగిలిస్తున్నావేమో ఫోన్లో రికార్డు చేసుకుని విను. ‘థర్టీన్’, ‘థర్టీ’ జంటని ఎదుటివాడికి చదివి రాయమను, వాడు తప్పు రాస్తే నీ పలుకులో తేడా ఉందన్నమాట. ఒక నిమిషం ఆలోచించుకుని రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడటం కూడా సాధన చెయ్యి, ఐఇఎల్‌టిఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో స్పీకింగ్ రెండో భాగానికి ఇచ్చే గడువు అదే. ఇంటర్వ్యూలో ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’కీ సరిపోతుంది. బట్టీ పట్టింది మాత్రం చెప్పకు, రెండో వాక్యానికే తెలిసిపోతుంది.

ప్రశ్న: ఫీజు పెట్టాలా? వాట్సాప్ గ్రూపు ఉండాలా?

జవాబు: ఫీజు వద్దు, టీ, బిస్కెట్లకి తలా ఇరవై. వాట్సాప్ ఉండాలి, కానీ అందులో ‘ఈ ఆదివారం వస్తున్నా’, ‘రావట్లేదు’ అన్న రెండు మాటలకే చోటు. గుడ్ మార్నింగ్ పూలు పెట్టినవాళ్ళు ఆ వారం అందరికీ టీ పోయించాలి. మాకు రెండు వారాల్లో పూలు ఆగిపోయాయి.

ప్రశ్న: మేడ, సెల్లార్ ఏవీ లేవు మాకు. ఆర్‌కే బీచ్‌లో కూర్చుంటే ఎలా ఉంటుంది మేడమ్?

జవాబు: కూర్చున్నాం ఒకసారి, ఆదివారం సాయంత్రమే. అలల హోరులో ఒకరి మాట ఒకరికి వినబడక అందరం ‘సే అగైన్’ ఒక్కటే బాగా నేర్చుకున్నాం, మధ్యలో ముంత మసాలా అబ్బాయి నాలుగుసార్లు వచ్చాడు. పొద్దున్నే అయితే నయం, లేదా రోడ్డు దాటి ఇటువైపు ఏదైనా పార్కు బెంచీ చూసుకోండి, బెంచీకి నలుగురే పడతారు కాబట్టి ఐదోవాడి గొడవ కూడా ఉండదు. వేసవిలో మధ్యాహ్నం నాలుగింటికి మాత్రం ఇసకలోకి దిగకండి, కాళ్ళు కాల్తుంటే తెలుగే వస్తుంది.